ఇంట్లో వైర్‌లెస్ లింకుల పరిధి, డేటా వేగం: తరచుగా అడిగే ప్రశ్నలు

వైఫై, బ్లూటూత్, స్మార్ట్ బల్బులూ సెన్సర్లూ మాట్లాడుకునే జిగ్బీ వంటి తక్కువ దూరపు లింకుల గురించి వచ్చే సందేహాలు ఎటు తిరిగినా రెండు చోట్లకే చేరుతాయి: సిగ్నల్ ఎంత దూరం అందుతుంది, వేగం ఎంత వస్తుంది. అడిగేవారు వీటిని రెండు వేర్వేరు ప్రశ్నలుగా అడుగుతారు గాని, పరికరం లోపల ఇవి ఒకే లెక్కకు రెండు వైపులు. సిగ్నల్ బలహీనపడిన కొద్దీ పరికరం వేగాన్ని వదులుకుని లింకును నిలబెట్టుకుంటుంది. పదేపదే వచ్చే ప్రశ్నలను దశల వారీగా ఇక్కడ చేర్చాం. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## కొనే ముందు

డబ్బా మీద 3000 అని ఉంది, నా ఫోన్‌లో 600 దాటడం లేదు. రౌటర్ పాడైందా?

పాడవలేదు. ఏఎక్స్3000 పేరుతో అమ్మే రౌటర్ల మీద కనిపించే ఆ సంఖ్య ఒక కూడిక. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో గరిష్ఠంగా 574 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో గరిష్ఠంగా 2402 ఎంబీపీఎస్, రెండూ కలిపితే దాదాపు మూడు వేలు. ఫోన్ సాధారణంగా ఒక సమయంలో ఒకే బ్యాండ్‌ను వాడుకుంటుంది కాబట్టి ఆ మొత్తం దానికి ఎన్నడూ అందదు. పైగా 2402 రావాలంటే ఛానల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ ఉండాలి. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగుతాయి, అక్కడ రెండు యాంటెన్నాలున్న ఫోన్‌కు గరిష్ఠ లింకు వేగం 1201. ఇది కూడా గాలిలో బిట్లు ప్రయాణించే వేగమే గాని ఫైలు దిగే వేగం కాదు. ఒక ఛానల్ మీద ఒకసారి ఒకరే ప్రసారం చేయాలి, ప్రసారానికి ముందు ఖాళీ కోసం వేచి ఉండాలి, తరువాత అందినట్టు రసీదు రావాలి. ఈ ఖర్చులన్నీ పోగా, ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా చేతికి వచ్చేది లింకు వేగంలో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే ఉంటుంది. ఆ లెక్కన 600 అంటే చక్కగా పనిచేస్తున్న లింకు. ఇక ఇంటర్నెట్ తీగ వచ్చి చేరే పోర్టు 1 గిగాబిట్‌ది అయితే, వైఫై ఎంత వేగవంతమైనదైనా బయటి నుంచి సుమారు 940 ఎంబీపీఎస్‌కు మించి రాదు.

వేగం పరీక్షలో 80 చూపిస్తోంది, ఫైలు మాత్రం 10తో దిగుతోంది. ఏది నిజం?

రెండూ నిజమే. పరీక్ష చూపేది సెకనుకు మెగాబిట్లు, డౌన్‌లోడ్ కిటికీ చూపేది సెకనుకు మెగాబైట్లు. ఒక బైటుకు 8 బిట్లు కనుక 80ని 8తో భాగిస్తే 10 వస్తుంది.

ఈ రౌటర్ ఎన్ని మీటర్లు అందుతుంది? ఒక్క సంఖ్య చెప్పండి.

ఒక్క సంఖ్య చెప్పేవారిని నమ్మకపోవడమే మంచిది. పరిధి అనేది ఒక గీత కాదు, వేగం మెట్లు మెట్లుగా దిగే వాలు. ఆ మెట్లు వైఫై 6 ప్రమాణంలోనే రాసి ఉన్నాయి. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ అంకె సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ. 80 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో అన్నిటికంటే పై మెట్టుకు కనీసం −46 డీబీఎం సిగ్నల్ చేరాలి, అన్నిటికంటే కింది మెట్టుకు −76 డీబీఎం చాలు. రెండు యాంటెన్నాల ఫోన్‌కు పై మెట్టు 1201 ఎంబీపీఎస్, కింది మెట్టు 72 ఎంబీపీఎస్. మార్కెట్‌లోని చిప్‌లు ప్రమాణం అడిగిన దానికంటే కొన్ని డెసిబెల్‌లు మెరుగ్గానే ఉంటాయి గాని మెట్ల మధ్య ఎడం అంతే ఉంటుంది.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క వేసి చూడవచ్చు. 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్ల శక్తితో 5 గిగాహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తే, అడ్డేమీ లేని 10 మీటర్ల దూరంలో సిగ్నల్ సుమారు −46 డీబీఎం ఉంటుంది, పై మెట్టుకు సరిగ్గా సరిపోతుంది. మధ్యలో చెరొక 15 డెసిబెల్ మింగే రెండు కాంక్రీటు గోడలు పెడితే అదే 10 మీటర్ల వద్ద −76 అవుతుంది, కింది మెట్టుకు పడిపోతాం. దూరం అంగుళం కూడా మారలేదు, లింకు వేగం మాత్రం పదహారో వంతుకు వచ్చింది. అందుకే మీటర్లు అడిగే ముందు గోడలు లెక్కపెట్టుకోవాలి.

2.4, 5, 6 గిగాహెర్ట్జ్‌లలో ఏది దూరం వెళ్తుంది, ఏది వేగంగా ఉంటుంది?

దూరానికి 2.4, వేగానికి 5, అంతకు మించి 6. ఎక్కువ పౌనఃపున్యాన్ని గాలి పీల్చేసుకుంటుందని చాలామంది అనుకుంటారు, ఇంటి దూరాల్లో ఆ నష్టం లెక్కలోకి రాదు. అసలు కారణాలు వేరు. తరంగదైర్ఘ్యం 2.4 గిగాహెర్ట్జ్‌లో 12.5 సెంటీమీటర్లు ఉంటే 5లో 6 సెంటీమీటర్లే. తరంగంతో పాటు యాంటెన్నా కూడా చిన్నదై, దాని మీద పడే శక్తి తగ్గుతుంది. ఈ ఒక్క కారణంతోనే అదే దూరంలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ 6 డెసిబెల్‌కు పైగా వెనకబడుతుంది, అంటే పావు వంతు శక్తే అందుతుంది. దాని మీద గోడల నష్టం కూడా ఎక్కువ.

వేగం సంగతి స్థలానికి సంబంధించినది. 2.4 బ్యాండ్ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే, అందులో ఒకదాని మీద ఒకటి పడని 20 మెగాహెర్ట్జ్ ఛానళ్లు మూడు: 1, 6, 11. వైఫై, బ్లూటూత్, జిగ్బీ, తీగ లేని మౌస్‌లు అన్నీ ఆ ఇరుకులోనే సర్దుకోవాలి. 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను పూర్తిగా తెరిచిన దేశాల్లో అక్కడ 1200 మెగాహెర్ట్జ్ వరకు చోటు ఉంది. ఏ దేశంలో ఎంత తెరిచారన్నది అక్కడి నియంత్రణ సంస్థ నిర్ణయం కనుక, కొనే ముందు అది చూసుకోవాలి.

వైఫై 7 కొంటే చివరి గదికి సిగ్నల్ వస్తుందా?

ఆ ఒక్క ఆశతో కొనవద్దు. 1997లో వచ్చిన తొలి వైఫై ప్రమాణం 802.11 వేగం 2 ఎంబీపీఎస్. 2009 నాటి 802.11ఎన్‌లో గరిష్ఠం 600కు చేరింది, వైఫై 7కు ఆధారమైన ఈనాటి 802.11బీఈలో కాగితం మీద 46 గిగాబిట్లు. ఈ పెరుగుదలలో అత్యధిక భాగం రౌటర్‌కు దగ్గరలో ఉన్నవారికే దక్కుతుంది. ప్రసార శక్తికి చట్టం పెట్టిన హద్దు తరం మారినంత మాత్రాన పెరగదు. వైఫై 7 తెచ్చిన 4096 స్థాయిల మాడ్యులేషన్ (తరంగంలో డేటాను ఇమిడ్చే పద్ధతి) పనిచేయాలంటే సిగ్నల్ చాలా శుభ్రంగా ఉండాలి, 320 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో ఉన్న శక్తే పలచగా పరుచుకుంటుంది. రెండు గోడల అవతల కొత్త రౌటర్ కూడా పాత మెట్లకే దిగివస్తుంది. వైఫై 7 వల్ల దూరపు గదికి లాభం లేదని కాదు. రెండు బ్యాండ్‌లను కలిపి వాడుకునే సౌకర్యం లింకును స్థిరపరుస్తుంది, అయితే అందుకు ఫోన్ కూడా అదే తరానిది కావాలి.

జిగ్బీ, థ్రెడ్ వేగం 250 కిలోబిట్లే అంటున్నారు. అంత నెమ్మది లింకులు ఎందుకు?

ఇవి స్మార్ట్ బల్బులు, సెన్సర్ల కోసం ఉన్న లింకులు, బల్బుకు చెప్పవలసిన మాట చాలా చిన్నది. ఈ రెండింటికీ ఆధారమైన 802.15.4 ప్రమాణంలో అతి పెద్ద ప్యాకెట్ (ఒకసారి పంపే డేటా ముక్క) 127 బైట్లు, 250 కిలోబిట్ల వేగంతో అది సుమారు 4 మిల్లీసెకన్లలో గాలి దాటిపోతుంది. తలుపు సెన్సర్ ఆ కొద్ది క్షణాలు మేల్కొని మళ్లీ నిద్రపోతుంది కనుకే చిన్న బ్యాటరీతో నెలలు, ఏళ్ల తరబడి నడుస్తుంది. నెమ్మదిగా పంపడంలో మరో లాభం కూడా ఉంది. ప్రతి బిట్‌కూ ఎక్కువ శక్తి దక్కుతుంది, అందువల్ల −90 డీబీఎం దాటి బలహీనపడిన సిగ్నల్‌ను కూడా మంచి చిప్‌లు చదువుతాయి. కెమెరా దృశ్యానికి ఇవి పనికిరావు, అక్కడ వైఫై తప్పదు.

## అమర్చేటప్పుడు

రౌటర్‌ను ఎక్కడ పెట్టాలి?

ఎక్కువసేపు వాడే పరికరాలకు వీలైనన్ని తక్కువ గోడలు అడ్డుపడే చోట, ఛాతీ ఎత్తు నుంచి తల ఎత్తు మధ్య, నాలుగు వైపులా ఖాళీ ఉండేలా పెట్టాలి. ఇంటర్నెట్ తీగ ఇంట్లోకి ఎక్కడ దూరిందో అక్కడే రౌటర్ స్థిరపడిపోవడం మామూలు. తీగ బిగించే మనిషికి అది దగ్గరి దారి, ఇంటివారికి మాత్రం ఏళ్ల తరబడి ఇబ్బంది. పది మీటర్ల ఈథర్నెట్ తీగ వేసి రౌటర్‌ను ఇంటి నడిమధ్యకు తేవడం చాలా ఇళ్లలో కొత్త రౌటర్ కొనడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. టీవీ వెనుక, లోహపు అలమార లోపల, అక్వేరియం పక్కన, నేల మీద పెట్టకూడదు.

ఏ గోడ ఎంత సిగ్నల్‌ను మింగుతుంది?

జిప్సం పలక, చెక్క తలుపు వంటివి కొద్ది డెసిబెల్‌లే తగ్గిస్తాయి. ఇటుక గోడ అంతకంటే ఎక్కువ, కాంక్రీటు మరీ ఎక్కువ, మందాన్ని బట్టి 10 నుంచి 20 డెసిబెల్, ఒక్కోసారి అంతకు పైన కూడా తగ్గిస్తుంది. 10 డెసిబెల్ అంటే పదో వంతు, 20 అంటే నూరో వంతు మిగిలిందని అర్థం. లోపలి ఇనుప చువ్వల వలను బట్టి ఒకే ఇంట్లో రెండు కాంక్రీటు గోడలు కూడా వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. లోహపు రేకు దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

జనం లెక్కలోకి తీసుకోని అడ్డంకులు మరికొన్ని ఉన్నాయి. నిలువుటద్దం వెనుక ఉండేది పలుచని లోహపు పూత, సిగ్నల్‌కు అది లోహపు పలకే. వేడిని ఆపడానికి లోహపు పొర పూసిన కిటికీ అద్దాలు కూడా అంతే, మామూలు గాజు మాత్రం పెద్దగా అడ్డుకోదు. నీరు బాగా పీల్చుకుంటుంది. వీటన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది కోణం. గోడను ఏటవాలుగా దాటే సిగ్నల్‌కు అదే గోడ మరింత మందమైన గోడలా తగులుతుంది. ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య ఒక గీత గీసుకుని, అది గోడలను ఎంత వాలుగా కోస్తుందో చూస్తే, రౌటర్‌ను ఒక మీటరు జరిపినంతలో పరిస్థితి ఎందుకు మారిపోతుందో తెలుస్తుంది.

యాంటెన్నాలు ఎటు తిప్పాలి? పొడవాటివి కొంటే మంచిదా?

కడ్డీ యాంటెన్నా నిటారుగా నిలిపితే చుట్టూ అడ్డంగా ఎక్కువగా, సరిగ్గా పైకీ కిందికీ తక్కువగా ప్రసరిస్తుంది. ఒకే అంతస్తు ఇంటికి అన్నీ నిటారుగా ఉంటే సరిపోతుంది, పై అంతస్తుకు కూడా కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వాల్చి చూడవచ్చు. పొడవాటి యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్న శక్తిని పైకీ కిందికీ తగ్గించి పక్కలకు పంచుతుంది. యాంటెన్నాలు బయటికి కనిపించని రౌటర్‌ను తయారీదారు గీసిన భంగిమలోనే ఉంచాలి.

రిపీటర్ పెట్టాక ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, వేగం మాత్రం సగమైంది. ఎందుకు?

రిపీటర్ విన్న ప్రతి ప్యాకెట్‌నూ మళ్లీ పలకాలి. వినడానికీ పలకడానికీ ఒకే రేడియో, ఒకే ఛానల్ అయితే ఒకే డేటా గాలిని రెండుసార్లు ఆక్రమిస్తుంది, వేగం సగానికి పడుతుంది. ఇలాంటివి రెండు వరుసగా పెడితే మరింత దిగుతుంది. నిండుగా కనిపించే గీతలు ఫోన్ నుంచి రిపీటర్ దాకా ఉన్న లింకువి మాత్రమే, రిపీటర్ నుంచి రౌటర్ దాకా ఉన్న లింకు సంగతి ఆ బొమ్మ చెప్పదు.

రిపీటర్‌ను సిగ్నల్ అందని గదిలోనే పెట్టడం అందరూ చేసే పొరపాటు. అక్కడ దానికీ సిగ్నల్ అందదు. రౌటర్ సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న చోట, అంటే దారి మధ్యలో పెట్టాలి. మెష్ పేరుతో అమ్మే వ్యవస్థల్లో యూనిట్లు తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే రేడియో కేటాయించినవి ఈ సగం నష్టాన్ని చాలావరకు తప్పిస్తాయి, రెండు రేడియోలే ఉన్న చౌక మెష్ యూనిట్లు పేరు మార్చుకున్న రిపీటర్ల కంటే కొద్దిగానే మెరుగు. యూనిట్ల మధ్య ఈథర్నెట్ తీగ వేయగలిగితే ఈ చర్చ అంతా అక్కర్లేదు.

ఛానల్ వెడల్పు 20, 40, 80, 160లో ఏది ఎంచుకోవాలి?

2.4 గిగాహెర్ట్జ్‌లో 20 దాటవద్దు, పొరుగు ఇళ్లు దగ్గరగా ఉంటే 40 పెట్టడం మీకూ వారికీ నష్టమే. 5 గిగాహెర్ట్జ్‌లో చాలా ఇళ్లకు 80 సరైన మధ్యస్థం. వెడల్పు రెట్టింపు చేసిన ప్రతిసారీ గరిష్ఠ వేగం రెట్టింపవుతుంది గాని, రిసీవర్ వినే రొద కూడా రెట్టింపై 3 డెసిబెల్ నష్టం వస్తుంది. దగ్గరి గదిలో ఆ నష్టం తెలియదు, దూరపు గదిలో మాత్రం లింకు తెగే అంచు ముందుకు జరుగుతుంది. దూరమే ముఖ్యమైతే వెడల్పు తగ్గించడం ఖర్చు లేని మందు.

రౌటర్ ఆన్ చేసిన వెంటనే 5 గిగాహెర్ట్జ్ పేరు కనబడదు, కాసేపటికి వస్తుంది. లోపమా?

లోపం కాదు. 5 గిగాహెర్ట్జ్‌లోని కొన్ని ఛానళ్లను వాతావరణ రాడార్‌ల వంటివి కూడా వాడతాయి. అలాంటి ఛానల్‌ను ఎంచుకున్న రౌటర్ ప్రసారం మొదలుపెట్టే ముందు కనీసం 60 సెకన్లు మౌనంగా విని రాడార్ లేదని నిర్ధారించుకోవాలి, కొన్ని ఛానళ్లకు ఈ ఎదురుచూపు ఇంకా ఎక్కువ. నడుస్తుండగా రాడార్ వినిపిస్తే ఛానల్ మారాలి, అప్పుడు లింకు క్షణకాలం తెగుతుంది. ఇది తరచుగా జరిగితే 36 నుంచి 48 లోపు ఛానల్‌ను చేత్తో ఎంచుకోండి.

## వాడుతున్నప్పుడు వేగం తగ్గితే

ఫోన్‌లో గీతలు నిండుగా ఉన్నా ఏదీ తెరుచుకోవడం లేదు. అదెలా సాధ్యం?

గీతలు ఫోన్ ఎంత బలంగా వింటోందో చెబుతాయి గాని, ఛానల్ ఎంత ఖాళీగా ఉందో, రౌటర్‌కు అవతల ఇంటర్నెట్ ఎలా ఉందో చెప్పవు. ఏ బలానికి ఎన్ని గీతలు అన్న దానికి తయారీదారులందరూ పాటించే కొలత కూడా లేదు. డీబీఎం సంఖ్య చూపే యాప్ దగ్గర ఉంచుకుంటే మేలు. −50 చాలా బాగుంది, −67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది, −80 దగ్గర లింకు పేరుకే ఉంటుంది. ఆ సంఖ్య బాగుండి కూడా వేగం లేకపోతే గాలి రద్దీనో, రౌటర్ అవతలి తీగనో అనుమానించాలి.

రౌటర్ ప్రసార శక్తిని పెంచితే దూరం పెరుగుతుందా?

ఒక వైపే పెరుగుతుంది. డేటా రావాలంటే ఫోన్ పంపే రసీదులు రౌటర్‌కు తిరిగి చేరాలి. మైదానానికి ఆ చివర ఉన్న మనిషి అరిస్తే మీకు వినబడుతుంది, మీరు గుసగుసగా చెప్పిన జవాబు అతనికి వినబడదు. ఫోన్ పరిస్థితి సరిగ్గా అదే. బ్యాటరీని కాపాడుకోవడానికి ఫోన్లు సాధారణంగా రౌటర్ కంటే తక్కువ శక్తితోనే ప్రసారం చేస్తాయి. దూరపు గదిలో గీతలు కనిపిస్తూ, డౌన్‌లోడ్ కాస్త నడుస్తూ, అప్‌లోడ్ మాత్రం ఆగిపోతుంటే కారణం ఇదే. చట్టం అనుమతించిన హద్దును దాటి శక్తి పెంచే చిట్కాల జోలికి పోవద్దు.

ఒక్క పాత ల్యాప్‌టాప్ వల్ల ఇంట్లో అందరి వేగం తగ్గుతుందా?

తగ్గుతుంది, చాలామంది ఊహించిన దానికంటే ఎక్కువగా. వైఫై సహజంగా అందరికీ ప్రసారం చేసే అవకాశాన్ని సమానంగా ఇస్తుంది, సమయాన్ని కాదు. లెక్క కోసం, ఒకటి 10 ఎంబీపీఎస్‌తో, మరొకటి 400తో నడిచే రెండు పరికరాలు చెరొక మెగాబైటును వంతులవారీగా తీసుకుంటున్నాయనుకుందాం. మొదటిదానికి 0.8 సెకను, రెండోదానికి 0.02 సెకను పడుతుంది. 0.82 సెకనులో వేగవంతమైన పరికరానికి కూడా ఒక్క మెగాబైటే దక్కింది, అంటే దాని వేగం 10 ఎంబీపీఎస్‌కు దిగువకు వచ్చింది. వాస్తవంలో ప్యాకెట్లను గుత్తులుగా పంపడం వల్లా, కొన్ని రౌటర్లలో ఉండే, సమయాన్ని సమానంగా పంచే ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ అమరిక వల్లా దెబ్బ ఇంత ఘోరంగా ఉండదు. పరికరం పాతదే కానక్కర్లేదు. చివరి గదిలో బలహీనమైన సిగ్నల్‌తో సినిమా చూస్తున్న కొత్త ఫోన్ కూడా ఇదే పని చేస్తుంది. స్థిరంగా ఉండే పాత పరికరాన్ని తీగతో కలపడం, లేదా 2.4 బ్యాండ్‌కు పంపి 5ను మిగతావారికి వదలడం సులువైన దారి.

మైక్రోవేవ్ ఒవెన్ నడుస్తుంటే వైఫై ఎందుకు కుంటుతుంది?

ఒవెన్ పనిచేసే పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్, 2.4 బ్యాండ్ నడిమధ్య. లోపల వందల వాట్ల శక్తి ఉంటుంది, తలుపు అంచుల నుంచి భద్రతా హద్దుకు ఎంతో లోబడి కారే కొద్దిపాటి శక్తి కూడా వైఫై ముందు కొండంత. −60 డీబీఎం సిగ్నల్ అంటే ఒక నానోవాట్ మాత్రమే మరి. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే ఈ బాధ ఉండదు.

యూఎస్‌బీ 3 డ్రైవ్ పెట్టగానే తీగ లేని మౌస్ తడబడుతోంది. సంబంధం ఉందా?

ఉంది. 5 గిగాబిట్ల వేగంతో నడిచే యూఎస్‌బీ 3.0 సంకేతాలు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా రేడియో రొదను వెదజల్లుతాయి. ఇంటెల్ సంస్థ 2012లోనే దీనిపై పత్రం ప్రచురించింది. మౌస్ రిసీవర్‌ను చిన్న పొడిగింపు తీగతో డ్రైవ్‌కు దూరంగా జరిపితే చాలావరకు సర్దుకుంటుంది. రౌటర్‌కు డ్రైవ్ తగిలించినప్పుడు 2.4 వైఫై బలహీనపడటానికి కూడా ఇదే కారణం కావచ్చు.

సాయంత్రం అయితే చాలు వేగం పడిపోతుంది. తప్పు వైఫైదా, ఇంటర్నెట్‌దా?

ల్యాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు కలిపి అదే సమయంలో పరీక్షించండి. తీగ మీద కూడా తగ్గితే తప్పు ఇంటర్నెట్ సంస్థ వైపు ఉంది. తీగ మీద బాగుండి వైఫై మీద తగ్గితే, పొరుగు ఇళ్లవారందరూ ఒకేసారి గాలిని వాడుతున్నారని అర్థం. ఈ పరీక్ష చేయకుండా కొత్త రౌటర్ కొనవద్దు.

గది మారినా ఫోన్ దూరంగా ఉన్న పాత మెష్ యూనిట్‌నే పట్టుకుని ఉంటుంది. ఎందుకు?

యూనిట్ మారాలా వద్దా అన్న నిర్ణయం ఫోన్‌దే. ఉన్న లింకు బాగా క్షీణిస్తే తప్ప చాలా ఫోన్లు కొత్తదాని కోసం వెతకవు. 802.11కే, 802.11వీ అమరికలు రౌటర్ వైపు నుంచి సలహా ఇస్తాయి, 802.11ఆర్ మారే సమయాన్ని కుదిస్తుంది. యూనిట్లను మరీ దగ్గరగా పెట్టినా, వాటి శక్తి మరీ ఎక్కువగా ఉన్నా ఫోన్‌కు మారవలసిన అవసరమే కనిపించదు, శక్తి కాస్త తగ్గించి చూడటం మంచిది.

వేగం 100 చూపిస్తోంది, వీడియో కాల్ మాత్రం తెగుతోంది. ఇంకా వేగం కావాలా?

అక్కర్లేదు. వీడియో కాల్‌కు కొద్ది ఎంబీపీఎస్ చాలు, దానికి కావలసింది ప్యాకెట్లు ఆలస్యం లేకుండా క్రమంగా చేరడం. ఇంట్లో ఎవరో పెద్ద ఫైలు పైకి పంపుతుంటే రౌటర్‌లో ప్యాకెట్ల వరుస పేరుకుపోయి కాల్ వాటి వెనుక నిలబడుతుంది. వరుసలను అదుపు చేసే క్యూఓఎస్ అమరిక ఉన్న రౌటర్‌లో దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దును అసలు వేగం కంటే కొద్దిగా తక్కువగా పెట్టండి.

## బ్లూటూత్, ఇతర చిన్న లింకులు

బ్లూటూత్ 10 మీటర్లే అంటారు, కొన్ని వస్తువుల మీద 100 అని ఉంటుంది. ఏది నమ్మాలి?

శక్తిని బట్టి సంప్రదాయంగా మూడు తరగతులున్నాయి: 100 మిల్లీవాట్ల వరకు మొదటిది, 2.5 వరకు రెండోది, 1 మిల్లీవాట్ వరకు మూడోది. రెండో తరగతికి చెప్పే అంకె 10 మీటర్లు, మొదటిదానికి 100. 100 రావాలంటే రెండు వైపులా అంత సామర్థ్యం, మధ్యలో ఖాళీ మైదానం ఉండాలి. ఇంట్లో గోడలే హద్దు.

బ్లూటూత్ 5లో నాలుగు రెట్ల దూరం, రెండు రెట్ల వేగం వస్తాయా?

రెండూ ఒకేసారి రావు, ఈ ప్రకటన తప్పుదారి పట్టించేది అక్కడే. 2016లో వచ్చిన ఆ ప్రమాణం తక్కువ శక్తి బ్లూటూత్‌కు రెండు వేర్వేరు అమరికలు చేర్చింది. ఒకటి 2 మెగాబిట్లతో వేగంగా వెళ్తుంది, దాని పరిధి కాస్త తక్కువ. మరొకటి ప్రతి బిట్‌నూ ఎనిమిది సంకేతాలుగా పరిచి 125 కిలోబిట్లకు దిగి, దానికి బదులుగా దూరాన్ని సంపాదిస్తుంది. ఎక్కువ దూరపు అమరిక సెన్సర్లకు ఉద్దేశించినది, అది పరికరం తప్పక చేర్చవలసినది కూడా కాదు. మామూలు పాటల ప్రసారం పాత క్లాసిక్ బ్లూటూత్ మీద నడుస్తుంది కాబట్టి మీ ఇయర్‌ఫోన్‌కు ఈ రెట్లతో సంబంధం లేదు.

ఫోన్ వెనుక జేబులో పెడితే ఇయర్‌ఫోన్‌లో పాట తెగుతుంది. ఏం చేయాలి?

2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మన ఒంట్లోని నీరు కొన్ని సెంటీమీటర్లలోనే చాలావరకు పీల్చుకుంటుంది. ఇంట్లో గోడల నుంచి పరావర్తనం చెంది వేరే దారిలో చెవికి చేరుతుంది, ఆరుబయట ఆ ప్రతిఫలనాలు ఉండవు కనుక అక్కడే ఎక్కువగా తెగుతుంది. ఫోన్‌ను ముందు వైపుకు, ప్రధాన ఇయర్‌ఫోన్ ఉన్న పక్కకు మార్చండి. పాటను కుదించి పంపే ఎల్‌డాక్ కోడెక్‌ను 990 కిలోబిట్ల వద్ద బిగించి ఉంటే 660కో 330కో దించండి, లేదా అమరికను దానంతటదే మారేలా వదిలేయండి.

ఒక సినిమాను బ్లూటూత్‌తో పంపవచ్చా?

పంపవచ్చు గాని ఓపిక కావాలి. ఒక గిగాబైటు ఫైలుకు సుమారు 2 మెగాబిట్ల వాస్తవ వేగంతో గంటకు పైగా పడుతుంది. దగ్గరి ఫోన్లకు క్షణాల్లో పంపే సౌకర్యాలు బ్లూటూత్‌ను ఒకరినొకరు గుర్తించడానికే వాడి, ఫైలును నేరుగా వైఫై మీద పంపుతాయి.

జిగ్బీ బల్బులు అప్పుడప్పుడు మాట వినడం లేదు. వైఫై అడ్డం వస్తోందా?

వచ్చి ఉండవచ్చు. జిగ్బీకి 2.4 బ్యాండ్‌లో 11 నుంచి 26 వరకు 16 ఛానళ్లు ఉన్నాయి, ఒక్కొక్కటి 2 మెగాహెర్ట్జ్ వెడల్పు. జిగ్బీ 11 అంటే వైఫై 11 కాదు. జిగ్బీ 11 బ్యాండ్ మొదట్లో వైఫై 1 నీడలో ఉంటుంది. ఇంట్లో, చుట్టుపక్కల వైఫై 1, 6, 11 ఛానళ్ల మీద 20 వెడల్పుతో ఉంటే వాటి మధ్య సందుల్లో జిగ్బీ 15, 20, వైఫై 11కు పైన జిగ్బీ 25 పడతాయి. బల్బులను నడిపే జిగ్బీ హబ్‌ను రౌటర్‌కు ఆనించి పెట్టకుండా ఒక మీటరైనా జరపండి.

వైఫై తప్పు లేని సందర్భం మరొకటి ఉంది. కరెంటు తీగకు కలిపిన బల్బులు, ప్లగ్‌లు ఒకదాని మాటను మరొకటి ముందుకు అందిస్తాయి, బ్యాటరీ సెన్సర్లు అందించవు. ఎవరైనా గోడ స్విచ్‌తో మధ్య బల్బును ఆపేస్తే దాని మీదుగా వెళ్లే దారి మూసుకుపోతుంది, అవతలి సెన్సర్ మూగబోతుంది. స్మార్ట్ బల్బు ఉన్న చోట గోడ స్విచ్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాలి.

ఫోన్‌ను తాకించి వాడే ఎన్‌ఎఫ్‌సీ కొన్ని సెంటీమీటర్లే ఎందుకు పనిచేస్తుంది?

అది కావాలని పెట్టిన హద్దు. 13.56 మెగాహెర్ట్జ్‌లో రెండు తీగచుట్టల మధ్య అయస్కాంత క్షేత్రం ద్వారా పనిచేస్తుంది, ఆ క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతే. సాధారణ పరిధి సుమారు 4 సెంటీమీటర్లు, వేగం 106 నుంచి 424 కిలోబిట్లు. తాకించి అనుమతించే పనికి ఆ తక్కువ దూరమే రక్షణ.

యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్) రేడియో ఉన్న ఫోన్‌తో ఫైళ్లు వేగంగా పంపవచ్చా?

ఫోన్లలో దాని పని దూరం కొలవడం. 500 మెగాహెర్ట్జ్ వెడల్పున్న అతి చిన్న స్పందనలతో సిగ్నల్ ప్రయాణ సమయాన్ని కొలిచి, దాదాపు 10 సెంటీమీటర్ల కచ్చితత్వంతో పోయిన తాళాన్ని వెతికిపెడుతుంది.

## కొలిచి తేల్చుకోవడానికి

మా ఇంటి వైఫైని సరిగ్గా కొలవడం ఎలా?

ఇంటర్నెట్ వేగం పరీక్షతో వైఫైని కొలిస్తే బయటి తీగ హద్దే కనబడుతుంది. ఒక కంప్యూటర్‌ను ఈథర్నెట్ తీగతో రౌటర్‌కు కలిపి దాని మీద ఐపెర్ఫ్3 అనే ఉచిత సాధనాన్ని నడపండి, వైఫై మీదున్న మరో ల్యాప్‌టాప్ నుంచి దానికి రెండు దిశల్లోనూ డేటా పంపి చూడండి. ప్రతి గదిలోనూ సిగ్నల్ డీబీఎం, లింకు వేగం, అసలు అందిన వేగం మూడూ రాసుకోండి. సిగ్నల్ బలహీనంగా ఉంటే స్థలం మార్చాలి, సిగ్నల్ బాగుండి లింకు వేగం తక్కువైతే పరికరం సామర్థ్యమో ఛానల్ వెడల్పో చూడాలి, రెండూ బాగుండి అందిన వేగం తక్కువైతే గాలి రద్దీగా ఉంది.

ఒకే చోట ఒకసారి కొలిచి నిర్ణయానికి రావద్దు. గోడల నుంచి తిరిగివచ్చే తరంగాలు అసలు తరంగంతో కలిసి ఒకచోట బలపడతాయి, మరోచోట రద్దవుతాయి. ఈ ఎగుడుదిగుళ్లు తరంగదైర్ఘ్యంలో సగం దూరంలోనే మారిపోతాయి కాబట్టి, 5 గిగాహెర్ట్జ్‌లో ల్యాప్‌టాప్‌ను 3 సెంటీమీటర్లు జరిపినా అంకె మారవచ్చు. ప్రతి గదిలో నాలుగైదు చోట్ల కొలిచి మధ్యస్థ విలువ తీసుకోండి, కొలిచేటప్పుడు పరికరానికీ రౌటర్‌కూ మధ్య మీరే నిలబడకండి.

ఏ పరికరాలకు తీగ వేయడమే మేలు?

కదలనివాటికి, ఎక్కువ డేటా తాగేవాటికి: టీవీ, బల్ల మీది కంప్యూటర్, ఫైళ్లు దాచే డ్రైవ్, మెష్ యూనిట్లు. క్యాట్ 5ఈ తీగ 100 మీటర్ల వరకు 1 గిగాబిట్ వేగాన్ని ఏ గోడనూ లెక్కచేయకుండా, రెండు దిశల్లోనూ ఒకేసారి మోస్తుంది. తీగ మీదికి మారిన ప్రతి పరికరమూ గాలిలో తన వాటాను ఫోన్లకు వదిలిపెడుతుంది.